స్నోబోర్డింగ్‌కి హెల్మెట్ కెమెరా: ముందు హెల్మెట్, తర్వాత మౌంట్, ఆఖర్న కెమెరా

హైదరాబాద్‌లో యాక్షన్ కెమెరా అనగానే గుర్తొచ్చేది బైక్ రైడర్లే. ఆదివారం తెల్లారకముందే అనంతగిరి వైపు బయల్దేరే గుంపుల్లో ఫుల్‌ఫేస్ హెల్మెట్ గడ్డం దగ్గర కెమెరా బిగించుకున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. అలాంటివాళ్లలో కొందరు జనవరిలో సెలవు పెట్టి కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో స్నోబోర్డింగ్ (రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించుకుని మంచు వాలు మీద జారే ఆట) నేర్చుకోవడానికి వెళ్తున్నారు. వెళ్తూ వెళ్తూ అదే కెమెరా, దాన్ని హెల్మెట్‌కి బిగించే అదే మౌంట్ బ్యాగులో వేసుకుంటారు. తీరా అక్కడ హెల్మెట్ చేతికొచ్చాక తెలుస్తుంది, దానికి గడ్డం భాగమే లేదని. మంచు హెల్మెట్ ముఖాన్ని కప్పదు, కళ్లకి గాగుల్స్ విడిగా పెట్టుకోవాలి. బైక్ మీద అంత చక్కగా పనిచేసిన చిన్ మౌంట్ ఇక్కడ ఎందుకూ కొరగాదు.

కొనేవాళ్లు మామూలుగా కెమెరాతో మొదలుపెడతారు. 4కె చాలా, 5.3కె కావాలా, 8కె అంటున్నారు కదా అని వారం రోజులు రివ్యూలు చూసి, నలభై వేల చుట్టుపక్కల పోసి కెమెరా కొంటారు. మౌంట్ దగ్గరికొచ్చేసరికి డబ్బాలో ఏది వస్తే అది అంటించేస్తారు. స్నోబోర్డింగ్‌లో ఈ వరుస తిరగబడాలి. ఏ హెల్మెట్, దాని మీద ఎక్కడ, ఏ మౌంట్‌తో, ఎంత బరువు దాకా అన్నవి తేలితే ఏ కెమెరా అన్నది దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఇప్పుడు దొరికే పేరున్న కెమెరాలన్నీ మంచు మీద మధ్యాహ్నపు ఎండలో ఇంచుమించు ఒకేలాంటి బొమ్మ ఇస్తాయి. వీడియో పాడయ్యేది వేరే చోట్ల.

పక్కకి తిరిగి జారే ఆట

స్కీయింగ్ చేసే మనిషి ఛాతీ వెళ్లే వైపుకే ఉంటుంది. స్నోబోర్డర్ బోర్డుకి అడ్డంగా నిలబడతాడు. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి కాలు ముందుంటే గూఫీ అంటారు. ఒళ్లంతా పక్కకి ఉండి, తల ఒక్కటే ముందు భుజం మీదుగా దారి వైపు తిరుగుతుంది. అందుకే స్కీయర్లు ఇష్టపడే ఛాతీ బెల్ట్ మౌంట్ స్నోబోర్డర్‌కి పనికిరాదు. పెట్టుకుంటే రన్ (పైనుంచి కిందికి ఒకసారి జారడం) మొత్తం పక్కనున్న దేవదారు చెట్లు రికార్డవుతాయి, వెళ్తున్న దారి ఫ్రేమ్ అంచున ఎక్కడో ఉంటుంది. పళ్లతో కరిచిపట్టుకునే మౌంట్ తల తిరిగిన వైపే చూస్తుంది, నిజమే. కానీ పడ్డప్పుడు ఆ దెబ్బ తగిలేది పళ్లకే. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

ఇక మిగిలేవి హెల్మెట్, చేతిలో సెల్ఫీ స్టిక్. స్నోబోర్డర్‌కి స్కీయర్లలా చేతుల్లో పోల్స్ (ఊత కర్రలు) ఉండవు కాబట్టి స్టిక్ చివర, అన్ని వైపులా ఒకేసారి తీసే 360 కెమెరా పెట్టి పట్టుకోవచ్చు. జారుతున్న మనిషి, బోర్డు, వెనకాల ఎగిరే మంచు అన్నీ కనిపించేది ఈ పద్ధతిలోనే. అయితే దీనికి ముందు మలుపులు ధైర్యంగా కలుపుకుంటూ దిగడం వచ్చి ఉండాలి. కొత్త స్నోబోర్డర్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకి. పడేటప్పుడు చేతిలో స్టిక్ ఉంటే చెయ్యి దాన్ని వదలదు, వంకరగా నేలని తాకుతుంది. మొదటి ట్రిప్‌కి స్టిక్ వద్దు.

హెల్మెట్ కెమెరాతో ఏం రాదో కూడా ముందే తెలుసుకోవాలి. అందులో మీరు కనిపించరు. మీ మోకాళ్లు వంగాయా లేదా, బరువు వెనక కాలి మీద పడుతోందా అన్నది చూసుకుని దిద్దుకోవాలంటే, వాలు కింద నిలబడి స్నేహితుడు ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియోయే ఎక్కువ ఉపయోగం. హెల్మెట్ కెమెరా చూపించేది మీరు చూసిన దారిని మాత్రమే.

హెల్మెట్ మీద ఎక్కడ

నడినెత్తిన పెడితే దృశ్యం బాగానే ఉంటుంది కానీ ఎత్తు పెరుగుతుంది. కెమెరా ఎంత పైకి ఉంటే తల తిప్పినప్పుడు మెడ మీద అంత గుంజుడు. గొండోలా (కేబుల్ కార్) తలుపులో దూరేటప్పుడు, చెట్ల కొమ్మల కింద నుంచి వెళ్లేటప్పుడు మొదట తగిలేది అదే. పైగా నెత్తి మీద నుంచి తీసిన వీడియోలో బోర్డు ముక్కు సరిగ్గా పడదు. అది పడకపోతే చూసేవాళ్లకి వేగం తెలియదు.

నుదుటి పైన, గాగుల్స్ అంచుకి రెండు మూడు వేళ్ల ఎత్తున పెడితే దృశ్యం కంటి చూపుకి దగ్గరగా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే బరువు ముందుకి లాగి హెల్మెట్ గాగుల్స్ మీదకి దిగుతుంది, గాగుల్స్ ముక్కు మీదకి దిగుతాయి, కిందనుంచి ఊపిరి లోపలికి పోయి అద్దం మసకబారుతుంది. హెల్మెట్ వెనకాల ఉండే డయల్ బిగించాక తల గట్టిగా ఊపి చూడండి. తల ఆగాక కూడా హెల్మెట్ కదిలితే ఆ హెల్మెట్ మీ సైజు కాదు, లేదా ఆ కెమెరా ఆ హెల్మెట్‌కి బరువెక్కువ.

పక్కన పెడితే తల ఒకవైపుకి ఒరుగుతుంది, హెల్మెట్ అంచు ఫ్రేమ్‌లో మూడో వంతు తినేస్తుంది. చిన్న కెమెరాలకైతే ఫరవాలేదు. వెనక భాగంలో మాత్రం అసలు పెట్టకూడదు. స్నోబోర్డింగ్‌లో మడమ వైపు అంచు మంచులో ఇరుక్కుంటే మనిషి వెనక్కి విసిరేసినట్టు పడతాడు, తల వెనక భాగం నేలకి కొట్టుకుంటుంది. కొత్తవాళ్లకి పదే పదే జరిగేది ఇదే. సరిగ్గా అక్కడ గట్టి ప్లాస్టిక్ ముక్క ఉండాలని ఎవరూ కోరుకోరు.

మా మాట అడిగితే, నడినెత్తికీ నుదుటికీ మధ్య, వాలు మొదలయ్యే చోట. అక్కడ ఎత్తూ తక్కువ, ముందుకి లాగడమూ తక్కువ.

అసలు పెట్టొచ్చా

2013 డిసెంబర్ 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో ఫార్ములా వన్ రేసర్ మైఖేల్ షూమాకర్ స్కీయింగ్ చేస్తూ పడి తల రాయికి కొట్టుకున్నప్పుడు ఆయన హెల్మెట్ మీద కెమెరా ఉంది. హెల్మెట్ పగిలింది. ఆ కెమెరా వల్లే దెబ్బ పెద్దదైందా అన్న చర్చ అప్పుడు గట్టిగానే నడిచింది, కానీ అలాగని ఎక్కడా రుజువు కాలేదు. భయపెట్టడానికీ, కొట్టిపారేయడానికీ రెండింటికీ ఈ ఉదాహరణనే వాడుతుంటారు. దాన్ని పక్కనపెట్టి హెల్మెట్ పనిచేసే తీరు చూస్తే సంగతి సులువుగానే అర్థమవుతుంది.

హెల్మెట్ పైపెంకు నున్నగా, గుండ్రంగా ఉండటానికి కారణం ఉంది. దెబ్బ తగిలినప్పుడు అది నేల మీద జారిపోవాలి, బలం ఒకే చోట పడకుండా పరుచుకోవాలి. మంచు హెల్మెట్లకి ఉండే యూరప్ ప్రమాణం ఈఎన్ 1077, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2040. వాటికి నిలిచిందని లోపల స్టిక్కర్ ఉంటుంది. కెమెరా పెంకు మీద పొడుచుకొచ్చిన మొటిక లాంటిది. నేలని పట్టుకుంటే తలని మెలితిప్పొచ్చు, రాయికి కొట్టుకుంటే బలాన్ని ఒకే చోటికి గుచ్చొచ్చు. అందుకే గట్టి దెబ్బకి కెమెరా ఊడి పోవాలి. మౌంట్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదన్న బైక్ లెక్క ఇక్కడ కుదరదు. కెమెరా పోతుందన్న భయంతో హెల్మెట్‌ని చుట్టి స్టీల్ వైరో, జిప్ టైలో బిగించేవాళ్లున్నారు. అది చేయకూడని పని. సన్నటి దారపు లీష్ ఒకటి చాలు. గట్టిగా గుంజితే తెగిపోయేది, కెమెరా ఊడితే మంచులో కూరుకుపోకుండా ఆపేది. హెల్మెట్ కంపెనీ మాన్యువల్‌లో పైన ఏమీ తగిలించొద్దని రాసి ఉంటే ఆ మాటే ఆఖరు.

బైక్ హెల్మెట్‌నే అక్కడికి తీసుకెళ్తే పోలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఐఎస్ఐ గుర్తున్న బైక్ హెల్మెట్ వేరే రకం దెబ్బలకి చేసింది. బరువెక్కువ, చెవులు మూసుకుపోతాయి, గాగుల్స్ పట్టవు, లోపల చెమట పట్టి గడ్డకడుతుంది.

జిగురు హైదరాబాద్‌లోనే అంటించాలి

కెమెరాతో వచ్చే అతికించే మౌంట్ల అడుగున ఉండేది గట్టి అక్రిలిక్ ఫోమ్ టేపు. దీని బలం ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. 10 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న పెంకు మీద అది సరిగ్గా పరుచుకోదు. 20 డిగ్రీలు దాటితే బాగా పడుతుంది. అంటించగానే అసలు బలం రాదు, కనీసం 24 గంటలు కావాలి, మూడు రోజులకి పూర్తిగా పట్టేస్తుంది. గుల్‌మార్గ్ హోటల్ గదిలో రాత్రి అంటించి పొద్దున్నే వాలు ఎక్కితే మధ్యాహ్నానికి అంచు లేస్తుంది. డిసెంబర్‌లో మన ఇంట్లో మధ్యాహ్నం ఉండే వేడి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

ముందు పెంకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, మెడికల్ షాపులో దొరికే స్వాబ్‌లు చాలు. నూనె, పాలిష్ ఏమీ మిగలకూడదు. ఆరాక, మౌంట్ వంపు పెంకు వంపుతో కలుస్తుందో లేదో కాగితం తీయకముందే ఆనించి చూడండి. ఫ్లాట్ మౌంట్, కర్వ్‌డ్ మౌంట్ రెండూ డబ్బాలో వచ్చినా హెల్మెట్‌కి కావాల్సింది ఎప్పుడూ కర్వ్‌డ్‌దే. వంపు కలవకపోతే నాలుగు మూలల్లో ఖాళీ మిగిలి, అందులో నీళ్లు దూరి గడ్డకట్టి టేపుని లేపేస్తాయి. అంటించి అర నిమిషం గట్టిగా అదిమి వదిలేయండి. రబ్బరు పూత లాంటి మ్యాట్ ఫినిష్ ఉన్న హెల్మెట్ల మీద టేపు పట్టినట్టే పట్టి ఊడిపోతుంది. అలాంటివాటికి మొదటి నుంచీ స్ట్రాప్ మౌంటే చూసుకోవాలి.

గుల్‌మార్గ్‌లో హెల్మెట్ అద్దెకి తీసుకునేవాళ్లకి జిగురు దారే లేదు. పరాయి హెల్మెట్‌కి అంటిస్తే షాపువాడు ఒప్పుకోడు, ఒప్పుకున్నా అక్కడి చలికి పట్టదు. గాలి రంధ్రాల్లోంచి దూర్చి బిగించే స్ట్రాప్ మౌంట్ తీసుకెళ్లండి. దీనిలోనూ ఓ చిక్కుంది. కొన్ని హెల్మెట్ల రంధ్రాలకి లోపల జాలీ ఉంటుంది, ఇంకొన్నింటికి మూసే షట్టర్ ఉంటుంది, పట్టీ దూరదు. స్నోబోర్డింగ్ సీరియస్‌గా నేర్చుకోవాలనుకుంటే కెమెరా బడ్జెట్‌లోంచి కోసైనా సొంత హెల్మెట్ కొనుక్కోవడం న్యాయం. తలకి సరిపడేది దొరుకుతుంది, మౌంట్ ఇంట్లోనే అంటించొచ్చు.

ఇంకో చిన్న వస్తువు: గోప్రో కెమెరాల బకిల్ మౌంట్లతో (క్లిప్‌లా దూర్చి బిగించేవి) వచ్చే జే ఆకారపు రబ్బరు ముక్క. చాలామంది దాన్ని ఏంటో తెలియక పారేస్తారు. బకిల్ రెండు కాళ్ల మధ్య దాన్ని దూరిస్తే బకిల్ నొక్కుకుపోయి జారిపోదు, సన్నటి వణుకు కూడా తగ్గుతుంది. డీజేఐ ఓస్మో యాక్షన్ సిరీస్‌కి, గోప్రో హీరో 13కి ఉన్న అయస్కాంతం లాచ్‌తో గ్లోవ్ తీయకుండానే కెమెరా పెట్టి తీయొచ్చు. పెట్టేముందు రెండు ముఖాలూ వేలితో తుడవాలి. మధ్యలో మంచు ఇరుక్కుంటే అయస్కాంతం పట్టుకుంటుంది కానీ గొళ్లెం పడదు, మొదటి గతుకుకే ఎగిరిపోతుంది. టక్‌మన్న చప్పుడు వినిపించాలి.

కోణం కూడా ఇక్కడే సరిచేసుకోండి. హెల్మెట్, గాగుల్స్ పెట్టుకుని మేడ మీద బోర్డు మీద నిలబడ్డట్టు మోకాళ్లు వంచి, తల ముందు భుజం మీదుగా తిప్పి, పది అడుగుల దూరంలో నేలని చూడండి. ఇంకొకరు ఫోన్ యాప్‌లో ప్రివ్యూ చూస్తూ కెమెరాని వంచాలి. ఆకాశం ఫ్రేమ్‌లో పై మూడో వంతు దాటకూడదు, ముందు పాదం దగ్గర నేల కింది అంచులో కనిపించాలి. నిటారుగా నిలబడి సరిచేసినవాళ్ల వీడియోలన్నీ బూట్లతో నిండిపోతాయి, ఎందుకంటే జారేటప్పుడు తల ఇంకా వంగుతుంది. కుదిరిన కోణం దగ్గర మౌంట్ మడత మీద మార్కర్‌తో గీత గీసుకుంటే అక్కడ గ్లోవ్‌లతో తడుముకోనక్కర్లేదు.

బరువు చూసి కెమెరా

మామూలు మంచు హెల్మెట్ 400 నుంచి 550 గ్రాముల మధ్య ఉంటుంది. హీరో 13 బ్లాక్ 159 గ్రాములు, ఓస్మో యాక్షన్ 5 ప్రో 146, ఇన్‌స్టా360 ఏస్ ప్రో 2 దాదాపు 177. మౌంట్, స్క్రూ కలిపితే ఇంకో ముప్పై గ్రాములు. అంటే హెల్మెట్ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా, అదీ ఒకే చోట. రోజంతా మోస్తే సాయంత్రానికి మెడ చెబుతుంది. ఇన్‌స్టా360 ఎక్స్5 లాంటి 360 కెమెరా 200 గ్రాములు, పొడవెక్కువ, రెండు వైపులా కళ్లలా పొడుచుకొచ్చిన లెన్సులు. అది స్టిక్ మీద ఉండాల్సిన వస్తువు, హెల్మెట్ మీద కాదు.

రెండో కొసన ఇన్‌స్టా360 గో 3ఎస్ ఉంది, 39 గ్రాములు. 4కె తీస్తుంది, తల మీద ఉన్నట్టే తెలియదు. కానీ బ్యాటరీ మార్చడానికి లేదు, ఒక్కటే వాడితే గది వాతావరణంలోనే అరగంట పైచిలుకు, చలిలో ఇంకా తక్కువ. ప్రతి రన్ తర్వాతా దాని పాడ్‌లో పెట్టి చార్జ్ చేసుకునే ఓపిక ఉంటే హెల్మెట్‌కి ఇదే తగినది. 2024లో వచ్చిన 86 గ్రాముల చిన్న గోప్రో హీరో కూడా బరువు పరంగా ఆశపెడుతుంది. దానికీ బ్యాటరీ విడిగా రాదు, వణుకు తగ్గించే పని కెమెరాలో జరగదు, తర్వాత ఫోన్ యాప్‌లో చేసుకోవాలి. రోజుకి ముప్పై క్లిప్పులు అలా చేసుకుంటూ కూర్చునేవాళ్లు అరుదు.

బ్యాటరీ మార్చుకోగల 150 గ్రాముల కెమెరా, చలికి తట్టుకునేది, చాలామందికి సరైన బేరం ఇదే. ఓస్మో యాక్షన్ 5 ప్రోకి కంపెనీ చెప్పే హద్దు మైనస్ 20 డిగ్రీలు, బ్యాటరీ 1950 ఎంఏహెచ్. హీరో 13 ఎండ్యూరో బ్యాటరీ 1900 ఎంఏహెచ్. హీరో 12లో అది 1720, జీపీఎస్ కూడా తీసేశారు, 13లో తిరిగొచ్చింది. వేగం, ఎత్తు అంకెలు వీడియో మీద వేసుకోవాలనుకునేవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో 12 కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

360 డిగ్రీల హారిజన్ లాక్, అంటే కెమెరా ఎటు ఒరిగినా వీడియోని ఒరగనివ్వని సెట్టింగ్, గురించి ఒక మాట. బైక్ వీడియోల్లో అది బాగుంటుంది. స్నోబోర్డింగ్‌లో ఒరిగి తిరగడమే అందం. దాన్ని పూర్తిగా లాక్ చేస్తే ఒరిగిన సంగతే కనిపించదు, ఎవరో డ్రోన్‌తో తీసినట్టు చప్పగా ఉంటుంది. మామూలు స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించేది) పెట్టి హారిజన్ లాక్ ఆపేయండి.

చలిలో బ్యాటరీ ఎందుకు చస్తుంది

గుల్‌మార్గ్ ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా మొదటి దశ కొంగ్‌దూరి దాకా, రెండో దశ అఫర్వత్ భుజం మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. జనవరిలో పైన మైనస్ పది మామూలే, ఆపైన గాలి. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌లో గాలి కదలని చలికీ దీనికీ పోలిక లేదు.

చల్లబడ్డ లిథియం బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరుగుతుంది. చార్జ్ ఉన్నా కెమెరా అడిగినంత కరెంట్ ఇవ్వబోయేసరికి వోల్టేజ్ దిగిపోతుంది, కెమెరా ఖాళీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. అందుకే 40 శాతం చూపించిన బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. జేబులో పెట్టుకుని వెచ్చబడ్డాక మళ్లీ లేస్తుంది కూడా. పాడైందని పారేయకండి. మూడు బ్యాటరీలు ఉంచుకోండి. ఒకటి కెమెరాలో, రెండు జాకెట్ లోపలి పొరలో ఒంటికి ఆనుకుని. హ్యాండ్ వార్మర్‌ని నేరుగా బ్యాటరీకి చుట్టొద్దు, మధ్యలో గుడ్డ ఉండాలి. గొండోలా కోసం లైన్లో నిలబడ్డంతసేపూ కెమెరాని కూడా తీసి జాకెట్‌లో వేసుకుంటే సగం సమస్య తీరుతుంది. లాచ్ మౌంట్ విలువ తెలిసేది అప్పుడే.

కంపెనీ చెప్పే నాలుగు గంటలు, రెండున్నర గంటలు అన్నీ గది ఉష్ణోగ్రతలో లెక్కేసినవి, పెద్ద అంకెల వెనక తక్కువ రిజల్యూషన్, ఆపేసిన స్క్రీన్, ఆపేసిన వైఫై ఉంటాయి. మీరూ వైఫై, వాయిస్ కంట్రోల్, ముందు స్క్రీన్ ఆపేసి, ఒక్క నొక్కుకి ఆన్ అయి రికార్డింగ్ మొదలయ్యే మోడ్ పెట్టుకోండి. ఎలాగూ గాలిలో వాయిస్ కంట్రోల్ మన మాట వినదు.

చార్జింగ్ సంగతి ఇంకా ముఖ్యం. సున్నా డిగ్రీల కింద ఉన్న లిథియం సెల్‌ని చార్జ్ చేస్తే లోపల లోహపు లిథియం పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. హీటర్ లేని గదిలోకి వచ్చీ రాగానే చార్జర్‌కి పెట్టకండి, గంట సేపు కంబళి కింద ఉంచి అప్పుడు పెట్టండి.

వెళ్లకముందే పరీక్ష కావాలంటే ఇంట్లో ఫ్రీజర్ ఉంది. మైనస్ 18 దగ్గర ఉంటుంది. జిప్ కవర్‌లో గాలి తీసేసి కెమెరాని రికార్డింగ్‌లో పెట్టి లోపల ఉంచి, ఎంతసేపు నడిచిందో వీడియో నిడివి చూసి తెలుసుకోండి. బయటికి తీశాక కవర్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా వదిలేయాలి, లేకపోతే హైదరాబాద్ గాలిలోని తేమంతా లెన్స్ మీదకి దిగుతుంది. మైనస్ పది వరకే పనిచేస్తుందని చెప్పే కెమెరా ఇక్కడ ముందే ఆగిపోతే అది లోపం కాదు.

హోటల్‌కి తిరిగొచ్చినప్పుడూ ఇదే పద్ధతి. బయటే కవర్‌లో వేసి, జిప్ మూసి, లోపలికి తెచ్చి గంట ఆగండి. లెన్స్ లోపల పట్టే మసకకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, వెచ్చటి గదిలో బ్యాటరీ తలుపు తీసి తేమ గాలి లోపలికి రానిచ్చి, మళ్లీ మూసి చలిలోకి తీసుకెళ్లడం. బ్యాటరీ మార్చాల్సి వస్తే నీడలో, గాలికి వీపు పెట్టి మార్చి, తలుపు అంచు రబ్బరు మీద ఒక్క మంచు రేణువు కూడా లేకుండా చూసుకోవాలి. లెన్స్ మీద మంచు పడితే నోటితో ఊదొద్దు, ఆ ఆవిరి అక్కడే గడ్డకడుతుంది. పొడి మైక్రోఫైబర్ గుడ్డ ఎడమ జేబులో ఉండాలి.

తెల్లటి దృశ్యం, తికమకపడే కెమెరా

ఆటో ఎక్స్‌పోజర్ (వెలుతురుని కెమెరాయే సరిచేసుకునే పద్ధతి) ఫ్రేమ్ సగటుని మధ్యస్థ బూడిద రంగు దగ్గరికి తేవాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా మంచే ఉంటే ఆ తెలుపుని కూడా బూడిద చేసేస్తుంది. మబ్బు పట్టిన రోజు ఎక్స్‌పోజర్‌ని 0.5 పెంచితే తేరుకుంటుంది. ఎండలో నల్లటి దేవదారు చెట్లు ఫ్రేమ్‌లో సగం ఉంటే దీనికి సరిగ్గా రివర్స్. చెట్లని వెలిగించబోయి మంచుని కాల్చేస్తుంది, ఆ తెల్లటి మచ్చలో తర్వాత ఎడిటింగ్‌లో ఏమీ వెలికిరాదు. అప్పుడు 0.5 తగ్గించాలి. ఒకే సెట్టింగ్ కావాలంటే ఎండ రోజున కొంచెం తగ్గించి ఉంచండి, చీకటిగా ఉన్నది పెంచుకోవచ్చు. వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా చూపించే రంగు సెట్టింగ్) ఆటోలో వదిలితే నీడలోకి వెళ్లగానే మంచు రంగు మధ్యలో మారిపోతుంది. 5500 కెల్విన్ దగ్గర లాక్ చేయడం మేలు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) గరిష్ఠం 400.

లెన్స్ మీద పెట్టి లోపలికి వచ్చే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ గురించి అందరూ అడుగుతారు. ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర షట్టర్ 1/4000 దాకా వెళ్తుంది, కదలిక కొంచెం తునకలు తునకలుగా కనిపిస్తుంది. ఎన్‌డీ16 వేస్తే 1/250 దగ్గరికి దిగి నునుపు వస్తుంది. కానీ అదే ఫిల్టర్‌తో చెట్ల నీడలోకి వెళ్తే షట్టర్ ఇంకా దిగి ప్రతి కుదుపూ మసకగా అచ్చుపడుతుంది. స్టెబిలైజేషన్ ఫ్రేమ్‌ని నిలబెడుతుంది కానీ ఆ మసకని తీయలేదు. గ్లోవ్‌లతో వాలు మధ్యలో ఫిల్టర్ మార్చడం అయ్యే పని కాదు. మొదటి సీజన్‌లో ఎన్‌డీ లేకుండానే తీయండి.

4కె, సెకనుకు 60 ఫ్రేములు, హై బిట్‌రేట్ (సెకనుకి కార్డులో రాసే డేటా). ఇంతే. గంతులు వేసేవాళ్లు 120 పెట్టుకుంటే 30 ఫ్రేముల వీడియోలో నాలుగింతలు నెమ్మదిగా చూపించొచ్చు. బిట్‌రేట్ మాత్రం తగ్గించొద్దు. పడుతున్న మంచు, ఎగిరే పొడి ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారిపోతాయి, తక్కువ బిట్‌రేట్‌లో అవన్నీ పేస్టులా అలికినట్టు వస్తాయి. వైడ్ లెన్స్ వాలుని చదును చేసి చూపిస్తుంది, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని దిగిన వాలు వీడియోలో పార్కింగ్ లాట్‌లా కనిపిస్తుంది. దానికి మందు వైడ్ వంపుని సరిచేసే లీనియర్ ఫ్రేమ్, దగ్గర్లో ఓ చెట్టో, ముందు జారుతున్న ఇంకో మనిషో ఫ్రేమ్‌లో ఉండటం.

కార్డు, సిమ్, ప్రయాణం

100 మెగాబిట్ల బిట్‌రేట్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు, గంటకి 45 జీబీ. వీ30 గుర్తున్న కార్డు సెకనుకి 30 మెగాబైట్లకి హామీ ఇస్తుంది కాబట్టి అది చాలు. ఒక రన్ రెండు నుంచి ఐదు నిమిషాలే, రోజుకి 128 జీబీ సరిపోతుంది. ఒకే పెద్ద కార్డు కన్నా రెండు చిన్నవి నయం, కెమెరా మంచులో పోయినా ఒక రోజుదే పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో అయినా ఆన్‌లైన్‌లో అయినా సగం ధరకి వచ్చే కార్డు మీద నమ్మకం పెట్టుకోవద్దు. 256 జీబీ అని రాసి లోపల 32 ఉండే నకిలీలు ముందు బాగానే రాస్తాయి, నిండాక పాతదాని మీదే రాసేస్తాయి. కంప్యూటర్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం నింపి చదివిస్తే అసలు సంగతి బయటపడుతుంది. తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

సెకండ్ హ్యాండ్ కెమెరా కొంటుంటే బ్యాటరీ సులువుగా బయటికొస్తుందో లేదో చూడండి. ఉబ్బిన బ్యాటరీ లోపలే ఇరుక్కుంటుంది. తలుపు రబ్బరు చిరిగిందా, లెన్స్ పైఅద్దం మీద గీతలున్నాయా టార్చ్ వేసి చూడాలి. బైక్ మీద ధూళిలో తిరిగిన కెమెరాకి ఈ రెండూ సాధారణంగా ఉంటాయి.

యాక్టివేషన్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇంట్లోనే ముగించుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే నెట్ వస్తుంది. కొత్త కెమెరా డబ్బా అక్కడ విప్పి, యాప్ లాగిన్ అడిగితే హోటల్ వైఫై కోసం తిరగాల్సి వస్తుంది.

శంషాబాద్‌లో స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. కెమెరా బ్యాటరీ ఒక్కొక్కటి 7 వాట్ అవర్ల చిల్లర, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74, రెండూ 100 హద్దు లోపలే. బ్యాటరీ కొనలకి టేపు వేయండి, లేదా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. మౌంట్ అంటించిన హెల్మెట్ కూడా చేతి సంచీతోనే రావాలి. లగేజీ బెల్ట్ మీద మొదట దెబ్బతినేది ఆ పొడుచుకొచ్చిన ముక్కే.

గొండోలా రెండో దశ దాటి ట్రాక్ లేని మంచులోకి వెళ్లేవాళ్ల ఒంటి మీద అవలాంచ్ ట్రాన్స్‌సీవర్ (మంచుచరియ కింద కూరుకుపోయినవాళ్ల ఆచూకీ సిగ్నల్‌తో తెలిపే పరికరం) ఉంటుంది. ఎలక్ట్రానిక్ వస్తువులు దాని సిగ్నల్‌కి అడ్డం పడతాయి. పంపే మోడ్‌లో 20 సెంటీమీటర్లు, వెతికే మోడ్‌లో 50 సెంటీమీటర్ల దూరం ఉంచాలన్నది మామూలు నియమం. హెల్మెట్ మీది కెమెరా మామూలుగా ఆ దూరంలోనే ఉంటుంది, కానీ తీసి ఛాతీ జేబులో వేసుకుంటే ట్రాన్స్‌సీవర్‌కి ఆనుకుంటుంది. పైన ఉన్నప్పుడు కెమెరా జేబు నడుము కింద ఉండాలి, ఎవరినైనా వెతకాల్సి వస్తే కెమెరా, ఫోన్ రెండూ ఆపేయాలి. అఫర్వత్ అవతల నియంత్రణ రేఖ దగ్గరే. ఊళ్లో సైన్యం వారి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ ఉంది. ఆర్మీ పోస్టులు, కంచెలు కనిపించే చోట రికార్డింగ్ ఆపి, లెన్స్‌కి మూత పెట్టేయండి. కెమెరా హెల్మెట్ మీద ఉంటే ఆన్‌లో ఉందో లేదో ఎదుటివాళ్లకి తెలియదు, అడిగితే కార్డు చూపించాల్సి రావచ్చు.